పడవ రైడ్‌కు ఇంజిన్ నీరే: లెక్కల దగ్గర్నుంచి రోజువారీ నడక దాకా

పార్కులోని రైడ్లన్నిటిలోకీ తేలిగ్గా కనిపించేది మెల్లగా సాగే పడవ రైడ్. ఎక్కి కూర్చుంటే పది నిమిషాలు బొమ్మలూ దీపాలూ పాటా చూపించి దించేస్తుంది. బెల్టు ఉండదు, అరుపులుండవు. కట్టేవాళ్లకూ నడిపేవాళ్లకూ మాత్రం ఇది తేలిక కాదు. ఈ పడవకు ఇంజిన్ లేదు, బ్రేకు లేదు, స్టీరింగ్ లేదు. ఆ మూడు పనులూ నీరే చేయాలి. అందుకే ఈ రైడ్‌లో వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం, తీగ లాగితే, నీటిమట్టం దగ్గరో రెండు పడవల మధ్య వ్యవధి దగ్గరో తేలతాయి. ఈ మార్గదర్శిలో ఆ రెండింటికే ఎక్కువ చోటిచ్చాం.

ముందు ఏ రకమో తేల్చుకోండి

పడవ రైడ్లన్నీ ఒకటి కావు. ఇంజిన్ ఉన్న పడవను నీటి అడుగున పట్టా మీద నడపడం ఒక పద్ధతి. 1955లో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో మొదలైన జంగిల్ క్రూజ్ అలాంటిది. నీళ్ల కింద తిరిగే కేబుల్‌తో పడవలను లాగడం రెండో పద్ధతి. నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ పార్కులో 1981లో వచ్చిన గొండొలెట్టా ఇలా నడుస్తుంది. మూడోది సన్నటి కాలువ తవ్వి, అందులో ప్రవాహం పుట్టించి, పడవలను దాని మీద వదిలేయడం. ఇది అన్నిటికంటే పాతది. పిట్స్‌బర్గ్ దగ్గర కెన్నీవుడ్ పార్కులోని ఓల్డ్ మిల్ 1901 నాటిది. ఆ కాలపు మిల్లు రైడ్లలో పెద్ద తెడ్ల చక్రం తిరుగుతూ నీటిని ముందుకు తోసేది.

ఈ మూడో రకానికి ఇప్పటి రూపం తెచ్చింది 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో యూనిసెఫ్ కోసం డిస్నీ బృందం చేసిన ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్. నీటి జెట్ల తోపుతో వరుసగా పడవలు వెళ్తుంటే గంటకు ఎంతమంది తిరిగి రాగలరో అక్కడే తేలింది. డిస్నీల్యాండ్‌లో మొదట నడిచి చూసే ప్రదర్శనగా అనుకున్న పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్‌ను ఆ అనుభవంతోనే పడవ రైడ్‌గా మార్చి 1967లో తెరిచారు. ఇక్కడి వివరాలన్నీ ఈ మూడో రకానివే.

మొదటి అడుగు: గంటకు ఎంతమంది?

బొమ్మల గురించి ఆలోచించే ముందు ఈ అంకె కావాలి. కాలువ పొడవు, పడవల సంఖ్య, పంపు పరిమాణం, ప్లాట్‌ఫారం, అన్నీ దీన్నుంచే పుడతాయి. ఉదాహరణకు 5 వరుసలు, వరుసకు 4 సీట్లు, మొత్తం 20 మంది పట్టే పడవ తీసుకుందాం. ప్రతి 30 సెకన్లకు ఒకటి వదిలితే గంటకు 120 పడవలు, 2400 సీట్లు. కాగితం మీద అంతే. ముగ్గురు వచ్చిన కుటుంబం నాలుగు సీట్ల వరుసలో కూర్చుంటే ఒకటి ఖాళీ. అందుకని 75 శాతమే నిండుతాయని వేసుకోవాలి. అంటే 1800 మంది. క్యూలో 900 మంది ఉంటే అరగంట నిరీక్షణ.

విడుదల వ్యవధి 30 నుంచి 36 సెకన్లకు పెరిగితే గంటకు 20 పడవలు, 400 సీట్లు పోతాయి. ఆరు సెకన్లంటే ఒక చంటిపిల్ల తల్లి సంచి సర్దుకునేంత సమయం. ఈ రైడ్‌లో క్యూ పెరగడానికి కారణం కాలువలో కంటే ప్లాట్‌ఫారం మీదే ఎక్కువగా దొరుకుతుంది.

రైడ్ 10 నిమిషాలు, పడవ వేగం సెకనుకు అర మీటరు అనుకుంటే కాలువ పొడవు 300 మీటర్లు. 600 సెకన్లను 30తో భాగిస్తే కాలువలో ఎప్పుడూ 20 పడవలుంటాయి. ఎక్కే దిగే చోట నాలుగు, షెడ్డులో బాగుచేతకు రెండు కలిపి 26 పడవలు కావాలి. ఆ చివరి రెండింటినీ ఖర్చు తగ్గించుకుందామని కొట్టేయకండి. బేరింగు మార్చడానికి పడవను పైకి తీసిన ప్రతిసారీ వాటి విలువ తెలుస్తుంది.

రెండో అడుగు: పడవ ఎంత మునుగుతుంది?

ఖాళీ పడవ 900 కిలోలు, నీటిని తాకే అడుగు 5 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు అనుకుందాం. అడుగు వైశాల్యం 8.5 చదరపు మీటర్లు. ఖాళీగా ఉంటే 10.6 సెంటీమీటర్లు మునుగుతుంది. ఇరవై మంది, మనిషికి 75 కిలోల చొప్పున, ఎక్కితే మొత్తం 2400 కిలోలు, మునక 28 సెంటీమీటర్లు. మనిషికి 100 కిలోలతో కూడా ఒకసారి లెక్క వేయండి: 34 సెంటీమీటర్లు. పడవ నిండా పెద్దవాళ్లే ఎక్కే రోజులు తప్పకుండా ఉంటాయి.

చాలామంది ఇక్కడితో ఆగి, 40 సెంటీమీటర్ల నీరు చాలనుకుంటారు. చాలదు. ఎనిమిది మందే ఎక్కి, అందరూ ముందు రెండు వరుసల్లో కూర్చున్నారనుకోండి. మొత్తం బరువు తక్కువే, సగటు మునక 18 సెంటీమీటర్లే. అయినా ముక్కు ఇంకో 12, 13 సెంటీమీటర్లు కిందికి వంగుతుంది. అంటే నిండు పడవ కంటే ఈ సగం ఖాళీ పడవ ముక్కే లోతుకు, సుమారు 30 సెంటీమీటర్ల దాకా, దిగుతుంది. అడుగు తగిలి ఆగిన పడవను పరీక్షించి ‘బరువేం లేదే’ అని ఆశ్చర్యపోయేవాళ్లు చూడాల్సింది ఎంతమంది కూర్చున్నారన్నది కాదు, ఎక్కడ కూర్చున్నారన్నది.

100 కిలోల లెక్కతో 34, ముందుకు వంగడానికి 5, మట్టం పడిపోవడానికి 5. ఇవి కలిపితేనే 44 అయ్యాయి. అడుగున మరో 6 సెంటీమీటర్ల ఎడం ఉంచితే నీటి లోతు అర మీటరు వస్తుంది. అంతకంటే మరీ లోతుగా కడితే పంపు పెద్దదవుతుంది, నీరు ఎక్కువ కావాలి, ఎవరైనా జారిపడితే ప్రమాదమూ పెరుగుతుంది.

ఈ ఎడం ఎంత ముఖ్యమో పైన చెప్పిన ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ రైడే చెబుతుంది. 1966లో డిస్నీల్యాండ్‌కు తరలివచ్చిన స్మాల్ వరల్డ్‌ను 2008లో మూసి, కాలువనూ పడవలనూ మార్చి 2009లో తిరిగి తెరిచారు. సందర్శకుల బరువు పెరిగి పడవలు అడుగు తగులుతున్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. మరమ్మతుల కోసం ఏళ్లుగా కాలువ అడుగున వేస్తూ వచ్చిన ఫైబర్‌గ్లాస్ పొరలే కారణమన్నది పార్కు వైపు మాట. ఏది ఎంత నిజమైనా లెక్క మారదు. పై నుంచి బరువు పెరిగినా కింది నుంచి అతుకులు పెరిగినా తరిగేది ఆ కొద్దిపాటి ఎడమే.

మూడో అడుగు: కాలువ

నేరుగా ఉన్నచోట పడవకు రెండు పక్కలా 10, 15 సెంటీమీటర్లు వదిలి 2 మీటర్ల వెడల్పు పెట్టండి. మలుపులో అది చాలదు. పొడవు వర్గాన్ని, మలుపు వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే అదనంగా కావలసిన వెడల్పు వస్తుంది. 5 మీటర్ల పడవకు 8 మీటర్ల వ్యాసార్థమైతే 39 సెంటీమీటర్లు, 12 మీటర్లయితే 26. ఈ వెడల్పును మలుపు మొదట్లోనే ఒక్కసారిగా ఇవ్వకుండా, ఒక పడవ పొడవు ముందు నుంచీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. లేకపోతే పడవ తోక గోడకు కొట్టుకుంటుంది.

పడవ నాలుగు మూలల్లో అడ్డంగా తిరిగే పాలీయురేథేన్ చక్రాలుంటాయి. గోడకు తగిలేది అవే. అందుకే చక్రం తగిలే ఎత్తులో గోడ నున్నగా, అతుకు తేలకుండా ఉండాలి. రెండు ప్యానెళ్ల మధ్య 3 మిల్లీమీటర్ల మెట్టు చాలు, ప్రతి పడవా అక్కడ టక్కుమంటుంది, కొన్నాళ్లకు చక్రాల అంచులు చిట్లుతాయి. గోడ ముదురు రంగులో ఉంటే మంచిది. అడుగు నలుపు వేయడం మామూలే, లోతు తెలియదు, దీపాలు నీటిలో బాగా మెరుస్తాయి.

కట్టేటప్పుడే మరవకూడనివి రెండున్నాయి. ఒకటి, కాలువ పొడవునా ఒక పక్కన మనిషి నడిచే బాట. దృశ్యాల వెనక దాచినా పడవ నుంచి అందేంత దగ్గర్లో ఉండాలి. రెండోది, 30 మీటర్లకొకటి చొప్పున పడవ అంచు ఎత్తులో చిన్న దిగుడు గట్టు. ఈ రెంటినీ తర్వాత చేర్చాలంటే దృశ్యాలు పగలగొట్టాల్సి వస్తుంది.

నాలుగో అడుగు: ప్రవాహం

2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు అంటే ఒక చదరపు మీటరు. సెకనుకు అర మీటరు వేగంతో సెకనుకు 500 లీటర్లు, గంటకు 18 లక్షల లీటర్లు కదలాలి. కంగారు పడకండి. ఈ నీరు ఎత్తెక్కక్కర్లేదు, పక్కకు జరిగితే చాలు. సాగునీటి కాలువలు కట్టేవాళ్లు వాడే మానింగ్ సూత్రాన్నే ఇక్కడా వాడి, నున్నటి గోడకు గరుకుదనం అంకె 0.013 వేస్తే, 300 మీటర్లకు కావలసిన వాలు ఐదున్నర సెంటీమీటర్లు. మలుపులూ పడవల అడ్డూ కలిస్తే 15 సెంటీమీటర్ల దాకా వేసుకోవచ్చు. గ్రిల్లు, పైపు నష్టాలతో కలిపి మొత్తం ఒక మీటరు ఎత్తనుకున్నా, 60 శాతం సామర్థ్యంతో 8 కిలోవాట్లే. ఎత్తు తక్కువ, నీరు ఎక్కువ కాబట్టి ఇక్కడ పనికొచ్చేది ప్రొపెల్లర్ పంపు. ఇంట్లో ట్యాంకుకు ఎక్కించే రకం పంపును పెద్దది చేసి పెడితే కరెంటు తగలేయడమే.

నీరు పల్లమెరుగు. ఆ పల్లాన్ని రెండు విధాలుగా సృష్టించవచ్చు. మొదటిది, ఒకేచోట పెద్ద పంపు పెట్టి కాలువ చివర నీరు లాగి మొదట్లో వదలడం. అప్పుడు రెంటి మధ్య మట్టం తేడా ఉంటుంది, ఆ మెట్టును పడవ దాటడానికి చిన్న కన్వేయర్ బెల్టు కావాలి. రెండోది, కాలువ పొడవునా పది పన్నెండు చోట్ల గోడ నుంచి నీరు లాగి, ముందుకు తిప్పిన నాజిల్స్‌తో వదలడం. మట్టం అంతటా ఇంచుమించు ఒకటే, బెల్టు అక్కర్లేదు, ఒక పంపు ఆగినా రైడ్ ఆగదు. కానీ గ్రిల్లులు ఎక్కువ, వాటిలో చిక్కుకునే చెత్తా ఎక్కువే. లోపల బల్లపరుపుగా సాగే రైడ్‌కు రెండోదే మంచిదని మా లెక్క. మధ్యలో దిగుడు జారుడు ఉంటే మొదటిదానికి గత్యంతరం లేదు.

పంపును ఒక్కసారి ఆన్ చేయకూడదు. వేగం మార్చే డ్రైవ్ పెట్టి 60 నుంచి 90 సెకన్లలో పూర్తి వేగానికి తీసుకురండి. లేదంటే కాలువలో అల పుట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి ఊగుతూ, స్టేషన్లో ఎక్కుతున్నవాళ్లను కుదిపేస్తుంది.

ఇప్పుడు సంపు. ఒకే పంపు ఉన్న కాలువలో పంపు ఆగగానే వాలుగా ఉన్న నీరు సమతలం అవుతుంది. 600 చదరపు మీటర్ల కాలువలో సగటున 7.5 సెంటీమీటర్లంటే 45 ఘనపు మీటర్లు, అంటే 45 వేల లీటర్లు, ఎక్కడికో పోవాలి. దానికి సంపులో ఖాళీ ఉండాలి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ప్లాట్‌ఫారం మీదికి నీరొస్తుంది.

ఇంకో లెక్క ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఉదయం పడవలు ఖాళీ. మధ్యాహ్నం 20 పడవలూ నిండితే ఒక్కొక్కటి అదనంగా 1.5 ఘనపు మీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. మొత్తం 30 ఘనపు మీటర్లు. దాన్ని 600 చదరపు మీటర్ల మీద పరిస్తే మట్టం 5 సెంటీమీటర్లు పెరుగుతుంది. రాత్రి అందరూ దిగిపోయాక మట్టం మళ్లీ పడుతుంది. తేలుబంతి వాల్వు ‘నీరు తగ్గింది’ అనుకుని రాత్రంతా నింపుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి నీరు పొర్లిపోతుంది, మందులు కలిపిన నీరంతా కాలువ పాలు. ఈ జబ్బుకు మందు సులువు: ఆటోమేటిక్ నింపుడును పంపులు నడుస్తున్నప్పుడు, ఉదయం ఖాళీ పడవలతో తనిఖీ చేసే ఆ అరగంటలో మాత్రమే పనిచేసేలా కట్టేయండి.

ఐదో అడుగు: స్టేషన్

ఒకేచోట దింపి ఎక్కిస్తే ఒక పడవకు నిమిషం పడుతుంది. 30 సెకన్ల వ్యవధి కావాలంటే రెండు సమాంతర వరుసలు కావాలి. దింపే చోటు వేరు, ఎక్కించే చోటు వేరు ఉంచితే ఇంకా మేలు, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకరికొకరు అడ్డుపడరు.

పడవను ఆపేది గేటు. సెకనుకు అర మీటరు అంటే నడక కంటే నెమ్మది, అయినా 2400 కిలోల పడవను 5 సెంటీమీటర్లలో ఆపితే గేటు మీద పడే తోపు దాదాపు 600 కిలోల బరువంత. లోపల అప్పటికే లేచి నిలబడ్డ తాతగారు ముందుకు తూలతారు. అదే గేటుకు 15 సెంటీమీటర్లు వెనక్కి జరిగే స్ప్రింగు ఉంటే తోపు మూడో వంతుకు తగ్గుతుంది. స్టేషన్‌కు ముందు 10 మీటర్లలో కాలువను వెడల్పు చేస్తే ప్రవాహం దానంతట అదే నెమ్మదిస్తుంది. ఇది ఖర్చులేని బ్రేకు.

గేటు మీద ‘పడవ ఉంది’ అని చెప్పే సెన్సార్లు రెండు ఉండాలి, ఒకటి చెడినా రెండోది పట్టుకునేలా. పడవ అడుగున లోహపు పలక, కాలువ గోడలో ఇండక్టివ్ సెన్సార్ (లోహం దగ్గరికొస్తే పసిగట్టేది) అన్నది నమ్మదగిన జోడీ. కాంతితో పనిచేసే సెన్సార్లు చౌకే కానీ నీటి తుంపర్లకూ పిల్లల చేతులకూ మోసపోతాయి.

చక్రాల కుర్చీతో ఎక్కేందుకు సమతల ఫ్లోరు ఉన్న పడవ కనీసం ఒకటైనా ఉంచండి. దాన్ని ఎక్కించడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టవచ్చు. అందుకే దానికి పక్క వరుస కావాలి. పక్క వరుస లేకపోతే వెనక పడవలన్నీ ఆగుతాయి, సిబ్బంది తొందరపెడతారు, ఆ తొందరలోనే ఎవరో ఒకరు జారతారు.

దృశ్యాలు, పాట

ఇక్కడ ఒక్కటే నియమం: పడవ ఎప్పుడు వస్తుందో దృశ్యానికి తెలియదు. 12 మీటర్ల దృశ్యాన్ని దాటడానికి పడవకు 24 సెకన్లు. ముందు పడవ కొంచెం ఆగితే 40. కాబట్టి ప్రతి బొమ్మ కదలికా 8 నుంచి 12 సెకన్ల చక్రంలో తిరగాలి, ఎప్పుడొచ్చినా మొదలూ చివరా కనబడేలా. మొదలు మధ్య ముగింపు ఉన్న కథను మాటల్లో చెప్పే దృశ్యం ఈ రైడ్‌లో పనిచేయదు.

పాటకూ ఇదే చిక్కు. ఒక గది శబ్దం పక్క గదిలోకి వస్తూనే ఉంటుంది. 1964 నాటి ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్‌లో మొదట వివిధ దేశాల జాతీయ గీతాలు వేద్దామనుకుంటే అన్నీ కలిసి గోలయ్యింది. దాంతో డిస్నీకి పాటలు రాసే షెర్మన్ సోదరులతో ఒకే పాట కట్టించారు. దాని రెండు భాగాలనూ ఒకదాని మీద ఒకటి పాడినా పొసుగుతాయి. మీరూ అన్ని గదులకూ ఒకే శ్రుతి, ఒకే లయ పెట్టి, అన్ని స్పీకర్లనూ ఒకే గడియారానికి కట్టండి. వాయిద్యాలు మాత్రం గది గదికీ మార్చుకోవచ్చు.

బొమ్మల కదలికకు గాలి సిలిండర్లో చిన్న మోటార్లో వాడండి. నూనెతో నడిచే హైడ్రాలిక్స్ నీటి దగ్గర వద్దు. ఒక గొట్టం చిట్లితే 300 మీటర్ల కాలువంతా జిడ్డే. గాలి లైనుకు డ్రయర్ తప్పనిసరి. నీటిలో ఉండే దీపాలు 12 లేదా 24 వోల్టులవై ఉండాలి, మిగతా సర్క్యూట్లకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ రక్షణ ఉండాలి.

నీటిని శుభ్రంగా ఉంచడం

ఎవరూ ఈదరు కదా అని వదిలేసే పని కాదు. తుంపర్లు మొహాల మీద పడతాయి, పిల్లలు చేతులు ముంచుతారు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీటిలో లెజియొనెల్లా బాక్టీరియా పెరగగలదు, తుంపర్ల ద్వారా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కాబట్టి ఈత కొలను క్రమశిక్షణే ఇక్కడా: పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, స్వేచ్ఛా క్లోరిన్ (క్రిములను చంపడానికి నీటిలో ఇంకా మిగిలి ఉన్నది) లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, రోజుకు కనీసం మూడుసార్లు పరీక్ష. క్లోరిన్ బదులు బ్రోమిన్ వాడే రైడ్లూ ఉన్నాయి, పడవ రైడ్లకు ప్రత్యేకమైన ఆ వాసన చాలాచోట్ల దానిదే. కాలువలో 300 ఘనపు మీటర్ల నీటిని 6 గంటలకోసారి వడపోయాలంటే గంటకు 50 ఘనపు మీటర్ల ఫిల్టర్ కావాలి. ఇది ప్రవాహం పంపుతో సంబంధం లేని వేరే సర్క్యూట్.

లోపలి గాలిలో తేమ 60 శాతం దాటకుండా చూడండి. దాటితే నష్టం ముందు బొమ్మల బట్టల మీద, తర్వాత వైర్ల కనెక్టర్ల మీద కనిపిస్తుంది.

తెరిచే ముందు రెండు గంటలు

వరుస మార్చకుండా చేయాల్సిన పనులివి.

1. పంపులు ఆపి ఉండగానే పని దీపాల వెలుగులో బాట వెంట నడవండి. అడుగున పడ్డవి, గోడ నుంచి ఊడిన ముక్కలు, గ్రిల్లుల్లో చిక్కినవి తీయండి. టోపీలు, ఫోన్లు, పాలసీసాలు రోజూ దొరుకుతాయి.
2. మట్టం గీతలు చూసి రాసుకోండి. నిన్నటి అంకె పక్కన.
3. పంపులు మెల్లగా నడిపి, పది నిమిషాలు ఆగి మళ్లీ మూడు చోట్ల మట్టం చూడండి: పంపు తర్వాత, మధ్యలో, పంపుకు ముందు. స్టేషన్ దగ్గర గీతకు అటూ ఇటూ 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉండకూడదు.
4. ఒక్కో పడవనూ గేటు దగ్గర ఆపి, చక్రాలు చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగులోకి నీరు పోయినట్లే. ఖాళీ పడవ మునక గీతను చూడండి.
5. ఖాళీ పడవలను రెండు చుట్లు తిప్పండి, సమయం కొలవండి. 10 నిమిషాల రైడ్‌కు 20 సెకన్ల తేడా వస్తే తెరవకముందే కారణం వెతకండి.
6. అన్ని అత్యవసర బటన్లూ నొక్కి చూడండి. రోజూ అన్నీ కుదరకపోతే వారంలో అన్నీ పూర్తయ్యేలా వంతులు వేసుకోండి.

పంపులు ఆగినా పడవలు వెంటనే ఆగవన్నది కొత్త సిబ్బందికి చూపించాల్సిన మొదటి పాఠం. ఎర్ర బటన్ నొక్కాక కూడా నీరు నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు కదులుతూనే ఉంటుంది. చేత్తో నొక్కి, కళ్లతో చూస్తేనే బుర్రకెక్కుతుంది.

ఎక్కించేటప్పుడు

లెక్కపెట్టి వరుసల్లో నిలబెట్టే మనిషి ఈ రైడ్‌కు ప్రాణం. ‘ఎంతమంది?’ అని అడిగి వరుస అంకె చెప్పడమే అతని పని. ఇద్దరున్న రెండు జట్లను ఒకే వరుసలో కలపడం, పడవ నిండనప్పుడు మధ్య వరుసల నుంచి నింపడం, పెద్ద శరీరాలవాళ్లను నాలుగుమూలలా కాకుండా మధ్యకు సర్దడం అతని చేతిలో ఉంది. బరువు గురించి బయటికి ఒక్క మాట రాకూడదు. ‘మీరు మూడో వరుసండీ’ అంటే చాలు.

పిల్లలు లోపల, పెద్దలు అంచున. ఎక్కేటప్పుడు అడుగు సీటు మీద కాకుండా గరుకు పలక మీద పడాలి. అందరూ కూర్చున్నాక, చేతులు లోపల ఉన్నాయని ఒకసారి ముక్కు నుంచి తోక దాకా చూసి, అప్పుడే చెయ్యెత్తాలి. గేటు తెరిచేవాడు ఆ చెయ్యి చూడందే బటన్ ముట్టకూడదు.

చెడేవి, వాటి కారణాలు

*పడవలు ఒకదాని వెనక ఒకటి గుమిగూడడం.* చాలాసార్లు తప్పు ముందు పడవది కాదు. స్టేషన్లో రెండు పడవలు ఆలస్యమైతే వెనక ఆరు చేరతాయి. అవి నీటికి అడ్డుపడతాయి, వెనక మట్టం పెరుగుతుంది, పంపు దగ్గర మట్టం పడుతుంది. సిబ్బంది పంపు వేగం పెంచుతారు, అది ఇంకా పాడు చేస్తుంది. చేయాల్సింది తిరగబడినట్టు ఉంటుంది: విడుదల ఆపండి, పంపు వేగం పదో వంతు తగ్గించండి, దింపే దగ్గర ఇంకో మనిషిని పెట్టండి.

*ఎప్పుడూ అదే పడవ ఆగుతోంది.* పడవది తప్పు. లోపలికి నీరు దిగి ఉంటుంది. 100 లీటర్లు చేరితే మునక 1.2 సెంటీమీటర్లు పెరుగుతుంది, అందుకే ఖాళీ మునక గీత రోజూ చూడమన్నది. అడుగు బిరడా విప్పి నీరు తీసేసినా పగులు వెతక్కుండా తిరిగి దించవద్దు. అడుగులో ఫోమ్ నింపిన పడవైతే, ఫోమ్ తాగిన నీరు బిరడా విప్పినా రాదు. తూకం వేయడమే దారి.

*ఎప్పుడూ అదే చోట ఆగుతోంది.* కాలువది తప్పు. ఆ చోట పంపులు ఆపి లోతు కర్రతో కొలవండి. పాత అతుకు, లేచిన ప్యానెల్, లేదా దృశ్యం నుంచి రాలిన ప్లాస్టరు దొరుకుతుంది.

*నీరు రోజూ తగ్గుతోంది.* లోపలి రైడ్‌లో ఆవిరిగా రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు పోవచ్చు, 600 చదరపు మీటర్లకు 1800 లీటర్ల దాకా. అంతకంటే ఎక్కువైతే బకెట్ పరీక్ష చేయండి. కాలువలోనే ఒక బకెట్ నిలబెట్టి, లోపల బయట మట్టం సమానంగా ఉండేలా నింపి, రాత్రి పంపులాపి వదిలేయండి. తెల్లారి రెండూ ఒకేలా తగ్గితే ఆవిరి. కాలువ ఎక్కువ తగ్గితే లీకేజీ. మర్నాడు రాత్రి పంపులు నడుస్తుండగా మట్టాలు మళ్లీ రాసి చూస్తే, లీకు గోడలోనా పైపులోనా అన్నదీ తెలుస్తుంది.

*నురుగు.* పిల్లల బుడగల మందు, సన్‌స్క్రీన్, లేదా రాత్రి శుభ్రం చేసినవాళ్లు వాడిన సబ్బు. మూడోదే ఎక్కువ. నురుగు తగ్గించే మందు పోసే ముందు, గదిలో ఏ డబ్బా వాడారో అడగండి.

మధ్యలో ఆగిపోతే

క్రమం ఇది: విడుదల ఆపు, పంపులాపు, పాట ఆపు, పని దీపాలు వెలిగించు, మైకులో చెప్పు. మొదటి మాట ‘కూర్చునే ఉండండి’ కావాలి. చీకట్లో ఆగిన పడవలో భయపడ్డ మనిషి చేసే మొదటి పని లేచి నిలబడడం. నీరు అర మీటరే కదా అని దిగబోతాడు. అడుగు పాచితో జారుతుంది, మూడేళ్ల పిల్లకు అర మీటరు నీరు నడుము దాకా వస్తుంది.

ప్రతి 100 మీటర్లకూ ఒక మనిషిని పంపండి, మోకాళ్లు దాటే రబ్బరు బూట్లతో, రెండున్నర మీటర్ల కొక్కెం కర్రతో. పడవను దగ్గరి దిగుడు గట్టుకు లాగి, తాడు కట్టాకే దింపాలి, ముందు వరుస నుంచి ఒక్కొక్కరినే. అందరూ ఒకే పక్కకు లేస్తే పడవ వాలుతుంది. పడవ అంకె, దిగినవాళ్ల సంఖ్య రాసుకోండి. చివర్లో ఖాళీ పడవలన్నీ ఇంకోసారి టార్చితో చూడాలి, సీటు కింద దూరిన పిల్లల కోసం. ఇదంతా ఏడాదికి రెండుసార్లయినా నిజమైన మనుషులను కూర్చోబెట్టి సాధన చేయాలి. రైడ్ల రూపకల్పనకు అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఎఫ్2291, నిర్వహణకు ఎఫ్770, యూరప్‌లో ఈఎన్ 13814 ప్రమాణాలున్నాయి. వాటిని కొని చదివిన తర్వాతే మీ సొంత చెక్‌లిస్టు రాసుకోండి.

ఏటా ఒకసారి నీరు తోడినప్పుడు

కాలువను ఒక్కపూటలో తోడేయకండి. నేల లోపల నీటిమట్టం ఎక్కువగా ఉన్నచోట, ఖాళీ అయిన కాలువ పడవలాగే పైకి తేలాలని చూస్తుంది, కాంక్రీటు పగులుతుంది. ముందు పక్కనున్న పరిశీలన గుంతలో భూజల మట్టం కొలిచి, కాలువ అడుగు కంటే పైన ఉంటే దాన్ని పంపుతో దించి, అప్పుడు తోడండి.

ఎండిన కాలువలో ప్రతి 5 మీటర్లకూ లెవెల్ తీసి నిరుటి అంకెతో పోల్చండి. అతుకు వేయాల్సి వస్తే పాతది పూర్తిగా గీకి, గోడ తడి ఆరాక వేసి, చుట్టూ ఉన్న అడుగుతో సమానమయ్యేదాకా రుద్దండి. అతుకు మీద అతుకు వేయవద్దు. వేసిన ప్రతి అతుకుకూ చోటు, తేదీ, మందం మిల్లీమీటర్లలో పుస్తకంలో ఎక్కించాలి. పడవలను తూకం వేసి, ఆ అంకెలనూ అదే పుస్తకంలో పక్క పేజీలో రాయండి. ఎప్పుడైనా ఏ పడవైనా అడుగు తగిలి ఆగితే ముందు తెరవాల్సింది ఆ రెండు పేజీలే.